చలిదొర గారి జింకవేట

ఆ రోజుల్లో మా మలేషియాలో చలి అనేది డబ్బున్నవాళ్ళ సొత్తు. ఎండా వానా అందరికీ ఉచితంగానే దొరికేవి, ఒక్కోసారి రెండూ ఒకే పూట దొరికేవి. చలి మాత్రం కొనుక్కోవాలి. ఎవరింట్లో ఏసీ ఎంత గట్టిగా వణికిస్తే వాళ్ళు అంత పైకొచ్చినట్టు లెక్క. పెళ్ళివారి గొప్పతనం వడ్డించిన భోజనంలో కాకుండా, హాల్లో ఎంతమంది ముసలమ్మలు కొంగు చెవులకు చుట్టుకుని కూర్చున్నారన్న దాంట్లో తెలిసేది. అలాంటి కాలంలో క్లాంగ్ దగ్గర ఒక పెద్ద మాల్‌లో పై అంతస్తంతా మంచుతో నింపి, టిక్కెట్టు పెట్టి జనాన్ని వణికించే వ్యాపారం ఒకటి మొదలైంది. నా మొదటి ఉద్యోగం అందులోనే. ఇప్పుడెవరైనా నీ తొలి ఉద్యోగం ఏమిటని అడిగితే "పర్యాటక రంగం" అని చెప్పి మాట మార్చేస్తాను గానీ, నిజం చెప్పాలంటే నా పని మంచు ఊడవడం.

మాది సుంగై సుమున్. ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు పనికి వచ్చిన కుటుంబం. ఎస్టేటు ఎప్పుడో పోయింది, మేం మిగిలాం. మా అమ్మ హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవలకు ఐసు వేసే చోట పనిచేసేది. నాకు మంచులో ఉద్యోగం వచ్చిందని చెప్పిన సాయంత్రం ఆమె చేతులు తుడుచుకుంటూ నా వంక కాసేపు చూసి, "మేం సేపల్ని ఐసులో ఎడతాం, కుల్లిపోకండా. మరాల్లు మడుసుల్ని ఎందుకెడతన్నారే?" అంది. "సూడ్డానికమ్మా. డబ్బులిచ్చి వత్తారు లా," అన్నాను, మా దేశంలో ప్రతి మాట చివరా తగిలించే 'లా'తో సహా. "బతికున్నోల్లేనా?" "బతికున్నోల్లే." అమ్మ ఆలోచించింది. "అలగైతే జీతం సరిగ్గా ఇత్తారో నేదో ముందు కనుక్కో," అని, పోర్ట్ క్లాంగ్‌లో ఉండే తన తమ్ముడికి ఫోన్ చేసి నన్ను అక్కడికి పంపించేసింది.

ఆ తమ్ముడే మా మావ. సొంతంగా ఒక చిన్న లారీ ఉండేది ఆయనకి. లారీలోకి ఎక్కనిది ఈ లోకంలో లేదన్నది ఆయన వేదాంతం. పియానో ఎక్కించాడు, పెళ్ళిమండపం ఎక్కించాడు, ఒకసారి పెళ్ళివారినే ఎక్కించాడు (మండపంతో పాటు, విడిగా కిరాయి తీసుకోకుండా). నన్ను రోజూ పొద్దున్నే మాల్ దగ్గర దింపేవాడు గానీ, లోపలికి మాత్రం ఎప్పుడూ రాలేదు. "డబ్బులిచ్చి జొరం తెచ్చుకోడానికి నాకేటి పిచ్చా," అనేవాడు.

ఆ మంచు అంతస్తుకు పెట్టిన పేరు 'పల్లెసీమ', ఇంగ్లీషులో. చెక్కతో కట్టిన నాలుగు ఉత్తుత్తి ఇళ్ళు, ప్లాస్టిక్ పైన్ చెట్ల తోపు, తిరగని గాలిమర, గడ్డకట్టిన కుంట, గోడ మీద పొడుగునా పెయింటు వేసిన తెల్లకొండలు. జనం బయటి గదిలో జాకెట్లూ చేతితొడుగులూ తీసుకుని, మందపాటి రబ్బరు పట్టీల తెర తోసుకుని లోపలికి వచ్చేవాళ్ళు, ఒకరి మీద ఒకరు మంచు విసురుకునేవాళ్ళు, ఫోటోలు దిగేవాళ్ళు, చెవులు నొప్పెడుతున్నాయని పిల్లల్ని తిట్టేవాళ్ళు, తిరిగి వెచ్చటి గదిలోకి పారిపోయి 'తెహ్ తారిక్' తాగుతూ స్వర్గంలా ఉందనేవాళ్ళు. ఆ స్వర్గం మంచా, టీయా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ జాకెట్ల సంగతి మాత్రం అడక్కండి. ఒక్కో జాకెట్‌లో ఊరందరి చెమటా చల్లబడి పేరుకుని ఉండేది.

దీనంతటికీ మేనేజరు ఒకాయన ఉండేవాడు. ఎస్టేటు అలవాటు కొద్దీ మా వాళ్ళకి పైనున్న ప్రతివాడూ దొరే కాబట్టి, నేను ఆయనకి చలిదొర అని పేరు పెట్టాను. చలిదొర కుర్రతనంలో హోటల్ చదువు కోసం స్కాట్లాండ్ వెళ్ళి ఒక చలికాలం గడిపి వచ్చాడు. ఆ ఒక్క చలికాలం ఆయనలో ఇంకా కరగలేదు. మాల్ బయట రోడ్డు తారు కరిగే ఎండలో కూడా గళ్ళ ఉన్ని కోటు వేసుకుని వచ్చేవాడు. రోజూ పొద్దున మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి పని చెప్పే ముందు, స్కాట్లాండ్‌లో ఒక చలికాలపు ఉదయం జింకవేటకు వెళ్ళిన కథ చెప్పేవాడు (ఆయన మాట్లాడేది ఇంగ్లీషూ మలయూ కలిపిన భాష, ఇక్కడ నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను). "మోకాలి లోతు మంచు. బొట్టనవేలు తడిపి గాలి ఎటు వీస్తోందో చూడాలి. గాలి జింక వైపు నుంచి మన వైపు రావాలి, మన వాసన దానికి తెలియకూడదు. తర్వాత పొట్ట మీద పాకాలి. మాట్లాడకూడదు, దగ్గకూడదు. అప్పుడు కనిపిస్తుంది, పొగమంచులో, కొమ్ములతో..." అంటూ ఆగి, పెయింటు కొండల వైపు చూసేవాడు. ఆ తర్వాత, "కాబట్టి టాయిలెట్లు శుభ్రంగా ఉండాలి," అని ముగించేవాడు. ఆ రెంటికీ సంబంధం ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు గానీ, ఆ కథ మాత్రం మా అందరికీ కంఠతా వచ్చేసింది.

అక్కడ నాతో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే ఉండేవాడు, మంచు కురిపించే యంత్రాల ఇంజనీరు. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చాడు. మొదటి రోజు నేను "ఏటి?" అని అడిగితే ఆయన ఏ ఏరు గురించి అడుగుతున్నానో అర్థంకాక చుట్టూ చూశాడు. నా మాటలు రెండు నిమిషాలు విని, "చెల్లే, నువ్వు మాట్లాడుతుంటే మా ఊరి పక్కకెళ్ళి వచ్చే సర్కస్‌లోళ్ళ అమ్మమ్మ యాదికొస్తున్నది," అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆయన మాటలూ నాకు సగమే అర్థమయ్యేవి కాబట్టి సగమే కోపగించుకున్నాను. ముఖ్యమైన విషయాలు మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. మా భాషాభిమానం అలాంటిది.

ఇక కథలోకి వస్తాను. డిసెంబరు వచ్చింది. మా పల్లెసీమలో డబ్బు పెట్టిన పెద్దమనిషి ఒకాయన, రాజులిచ్చే 'దాతో' అనే బిరుదున్నవాడు (అందరూ అలాగే పిలిచేవాళ్ళు), క్రిస్మస్ సంబరాలు ప్రారంభించడానికి వస్తున్నాడని కబురొచ్చింది. టిక్కెట్లు సరిగా తెగడం లేదనీ, ఈసారి ఆయనకి నచ్చకపోతే అంతస్తు మూసేసి ఫర్నిచరు దుకాణానికి ఇచ్చేస్తారనీ కూడా అనుకున్నారు. చలిదొర రెండు రోజులు గోళ్ళు కొరుక్కుని మూడో రోజు, "బతికున్న జింక కావాలి," అన్నాడు. ధ్రువప్రాంతపు జింక దొరకదు కాబట్టి ఊరి చివర ఫారంలో పెంచే మామూలు రూసా జింక చాలన్నాడు. ఫారం వాడు ఒప్పుకున్నాడు గానీ తెచ్చే బండి లేదన్నాడు. ఆ క్షణంలో నా నోరు ఊరుకోలేదు. "బాస్, మా మావకి లారీ ఉంది," అన్నాను. ఇరవయ్యేళ్ళ వయసులో మనిషికి అక్కర్లేని చోటే తెలివి పుట్టుకొస్తుంది.

ప్రారంభం రోజు పొద్దున్నే, మాల్ ఇంకా తెరవకముందు, మావ వెనకవైపు సరుకుల లిఫ్టులో జింకని తీసుకుని పైకి వచ్చాడు. లేత గోధుమరంగు, పెద్ద కళ్ళు, తడి ముక్కు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే చలిగాలి తగిలి దాని ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది.

"ఓలమ్మీ, దీని పేరు లచ్చిమి," అన్నాడు మావ.

"ఫారమోల్లు మానిస్ అన్నారు కదా మావా?"

"ఆల్లకేటి తెలుసు. దారి పొడుగునా మాటాడుకుంటా వచ్చినాం. లచ్చిమంటేనే సెవులు తిప్పింది." తర్వాత గొంతు తగ్గించి, "ఫారమోడొక మాట గట్టిగా సెప్పినాడే. దీన్ని తరమకూడదంట, అరవకూడదంట. బెదిరి పరిగెత్తిందంటే గుండాగిపోద్దంట. ఇలాటియి సానా సచ్చిపోనాయంట. సెప్పు మీ దొరకి," అన్నాడు.

నేను చెప్పాను. చలిదొర వినలేదు. ఆయన దృష్టి దాని తల మీద ఉంది. "కొమ్ములేవి?" అన్నాడు. ఆడజింక అని చెబితే, ధ్రువజింకల్లో ఆడవాటికీ ఉంటాయే అని నొచ్చుకున్నాడు, లచ్చిమి ఏదో మాట తప్పినట్టు. చివరికి కింద దుకాణాల్లో అమ్మాయిలు పెట్టుకునే గుడ్డ కొమ్ముల పట్టీ ఒకటి తెప్పించి తన చేత్తోనే దాని తలకి తగిలించాడు. వెనక్కి జరిగి చూశాడు. "తాడు విప్పండి," అన్నాడు.

"తాడెందుకు బాస్?" అన్నాను, "ఉండనీయండి."

"పల్లెసీమలో జింకలకి తాళ్ళుండవు. ఫోటోలో పడుతుంది."

ఆయన తాడు విప్పాడు. లచ్చిమి ఒకడుగు వేసింది. ఆ అడుగు గడ్డకట్టిన కుంట మీద పడింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి వెళ్ళాయి, కొమ్ముల పట్టీ ఎగిరి మావ కాళ్ళ దగ్గర పడింది, జింక లేచి, తుమ్మి, తెల్లటి పొగలో కలిసిపోయింది. పొగ ఎక్కడిదంటే, దాతో వచ్చేసరికి మంచు జోరుగా కురుస్తుండాలని చలిదొర యంత్రాలన్నీ ముందే ఆన్ చేయించాడు. సరుకుల లిఫ్టు తలుపు తెరిచి ఉండటం వల్ల బయటి వేడిగాలి లోపలికి వచ్చి ఆ చలిలో కలిసి, హాలంతా చేతి దూరంలో మనిషి కనిపించనంత పొగమంచు పట్టేసింది. ఇంజనీరు పరిగెత్తుకొచ్చి లిఫ్టు తలుపు మూయించాడు గానీ పొగ పోవడానికి టైం పడుతుందన్నాడు.

జింక బెదిరి చస్తే పాపం ఎవరిదో గానీ లారీ మా మావది, మాట నాది. చలిదొర మొహంలో మాత్రం మరోలాంటి మార్పు వచ్చింది. గోళ్ళు కొరకడం ఆపేశాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు. నడుం నిటారుగా చేసి, కథ చెప్పేటప్పటి గొంతుతో, "ఎవరూ పరిగెత్తకండి. దీనికి ఒక పద్ధతుంది," అన్నాడు.

ఆ పద్ధతి ఏమిటో మాకు తెలుసు. పంతులు మంత్రం మొదలుపెట్టకముందే వెనకవాళ్ళకి తెలిసినట్టు. ఆయన బొట్టనవేలు నాలిక మీద తడిపి పైకెత్తి, "గాలి అటు నుంచి ఇటు వస్తోంది," అన్నాడు.

ఇంజనీరు మర్యాదగా గొంతు సవరించుకుని, "సార్, అది మన బ్లోయరు గాలే. మీకు ఎటు కావాలంటే అటు తిప్పుత," అన్నాడు.

చలిదొర సంతోషపడ్డాడు. స్కాట్లాండ్‌లో లేని సౌకర్యం. "జింక వైపు నుంచి మన వైపుకి తిప్పు."

"జింక ఎటున్నది సార్?"

అది తెలిస్తే ఇంతదూరం రాదు కదా. చివరికి గాలిని ఉన్నచోట ఉండనిచ్చి, ఇంజనీరుని బయటి కంట్రోలు గదికి పంపి, దాతో వస్తే రేడియోలో చెప్పమని, మేం ముగ్గురం వేటకి బయల్దేరాం. ముగ్గురం అంటే చలిదొర, నేను, మా మావ. మావ లుంగీ మీద వచ్చాడు. జాకెట్లన్నీ దాతో బృందం కోసం ఉతికించి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టారు, వాటిని ముట్టుకోవద్దని ఆజ్ఞ. మిగిలింది పిల్లల్ని నవ్వించడానికి వాడే పెంగ్విన్ వేషం ఒక్కటే. దాన్ని తొడుక్కునేసరికి మావ మొహం మాత్రం పెంగ్విన్ ముక్కు కింద గుండ్రటి రంధ్రంలోంచి బయటికి కనిపించింది, పిడకల మధ్య గుమ్మడికాయలా.

"ఈ సంగతి మీ యమ్మకి సెప్పినావంటే సంపేత్తాను," అన్నాడు.

పొట్ట మీద పాకడం మొదలుపెట్టాం. ముందు చలిదొర, వెనక నేను, నా వెనక పెంగ్విన్. ఆ మంచు నేను రోజూ ఊడిచేదే, కానీ ఊడవడం వేరు, దాని మీద పొట్ట పెట్టి పడుకోవడం వేరు. మొదటి ఇంటి దాకా చేరేసరికి నా గెడ్డం చెక్కబారిపోయింది. చలిదొర ప్రతి రెండు బారలకీ ఆగి, చెయ్యెత్తి, మంచులో గుర్తుల కోసం వెతికేవాడు. ఒకచోట నిజంగానే ఏవో గుర్తులు దొరికాయి. వాటిని వేలితో కొలిచి, "ముందు కాలు," అన్నాడు గంభీరంగా. అవి నిన్నటి నా చీపురు గుర్తులు.

"ఈడికేటైనా బాగోలేదేటే?" అన్నాడు మావ వెనక నుంచి తెలుగులో.

"ఏమంటున్నాడు మీ మావయ్య?" అన్నాడు చలిదొర.

"మీ అనుభవం గొప్పదంటున్నాడు బాస్."

"జింక సస్తే ఈ దొర నాకు కొత్త జింకని కొనిపెడతాడా, నేకపోతే నన్నే ఆ బోనులో ఎడతారా, అది కనుక్కో."

"ఏమిటి?"

"నిశ్శబ్దంగా ఉండాలంటున్నాడు."

"సరిగ్గా చెప్పాడు," అని చలిదొర మెచ్చుకున్నాడు.

మూడో ఇల్లు దాటాక ఆయన ఉన్నట్టుండి మంచులోకి బోర్లా ఒదిగిపోయి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎదురుగా ప్లాస్టిక్ పైన్ల మధ్య, పొగమంచులో, లేత గోధుమరంగు ఆకారం ఒకటి పక్కకి తిరిగి నిలబడి ఉంది. "చూడు," అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా. "చెవి కూడా కదపడం లేదు. మనల్ని పసిగట్టింది. ఇప్పుడు ఓపిక పట్టాలి."

నేను చూశాను. చూడగానే పోల్చుకున్నాను. అది కిందటేడు అలంకారానికి కొన్న ఫైబరు జింక. దాని వీపు మీద మంచు దులిపేది నేనే, ఊడిపోయిన చెవి బంక పెట్టి అతికించింది నేనే. చెప్పేద్దామని నోరు తెరిచాను. చలిదొర మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. కనురెప్పల మీద మంచు, ముక్కు చివర ఎరుపు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, అయినా ఆ మొహంలో ఉన్న ఆనందం నేను ఆయన దగ్గర అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను. అలా పడుకున్నాం. బంక పెట్టిన చెవి నిజంగానే కదల్లేదు.

కాసేపటికి ఆయన, నా వైపు చూడకుండానే, "నీకొకటి చెప్తాను. ఎవరికీ చెప్పకు," అన్నాడు. "నేను అప్పుడు చూడలేదు."

"ఏది బాస్?"

"జింకని. వేటకి వెళ్ళింది హోటల్ అతిథులు. నేను వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను. కిటికీలోంచి వాళ్ళు తెల్లకొండ ఎక్కి వెళ్ళడం కనిపించింది. మధ్యాహ్నం తిరిగొచ్చి తింటూ చెప్పుకున్నారు. గాలీ, పాకడం, అన్నీ వాళ్ళ మాటలే. నేను వడ్డిస్తూ విన్నాను. నన్ను కూడా తీసుకెళ్ళమని అడుగుదామని మర్నాడు పొద్దున్నే తయారై నిలబడ్డాను. ఎవరూ అటు చూడలేదు." కాస్త ఆగి, ఫైబరు జింక వంక అపురూపంగా చూస్తూ, "ఇదే మొదటిసారి," అన్నాడు.

నేను చలికి ఏడుస్తున్నానో నవ్వాపుకోలేక ఏడుస్తున్నానో మరి దేనికో తెలియలేదు. ఇప్పుడు నిజం చెబితే ఈ మనిషి ఏమైపోతాడు? చెప్పకపోతే మేం ముగ్గురం ఎంతసేపు ఇలా ఫైబరు ముందు సాష్టాంగపడి ఉండాలి? అసలు జింక ఎక్కడ ఏ మూల వణుకుతూ చస్తోందో? నేను ఈ ధర్మసంకటంలో ఉండగా, వెనక మా మావకి తుమ్మొచ్చింది. ఆపుకోబోయి ఎగిరాడు. మేం ఉన్నది చిన్న దిబ్బ అంచున. పెంగ్విన్ పొట్ట నున్నటి గుడ్డ. ఆయన నా పక్క నుంచి, చలిదొర పక్క నుంచి, తలకిందుగా, రెక్కలు చాపుకుని, ఏ శబ్దమూ లేకుండా జారుకుంటూ వెళ్ళి తిన్నగా జింక కాళ్ళని గుద్దుకున్నాడు. జింక పక్కకి పడింది. ఖాళీ డ్రమ్ము దొర్లిన చప్పుడైంది. తల ఊడి మా వైపు వచ్చి ఆగింది.

మావ కూర్చుని, జింక పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూసి, "ఓలమ్మీ, ఇది డొల్లే," అన్నాడు.

చలిదొర నా వైపు తిరిగి, ఆయనేమంటున్నాడని అడగలేదు. ఆ తలనీ, దాని చెవి దగ్గర పసుపుపచ్చ బంకనీ చూస్తూ పడుకునే ఉన్నాడు. "బాస్, పొగలో నిజమైనదాన్లానే ఉంది," అన్నాను. అది ఓదార్పో వెక్కిరింపో నాకే తెలియలేదు. ఆయన తల ఊపాడు. అప్పుడే రేడియోలో ఇంజనీరు గొంతు వినిపించింది: "సార్, దాతో సార్ వాళ్ళు లిఫ్ట్ ఎక్కిండ్రు. జర జల్ది రండి. ఇక్కడొక పంచాయితీ ఉంది."

ముగ్గురం లేచి, వేట మర్యాదలన్నీ మరిచి, రబ్బరు పట్టీలు తోసుకుంటూ వెచ్చటి గదిలోకి పడ్డాం. అక్కడ, తడిసిన చేతితొడుగులు ఆరబెట్టే పెద్ద వేడిగాలి యంత్రం ముందు, కాళ్ళు మడుచుకుని, కళ్ళు సగం మూసుకుని లచ్చిమి కూర్చుని ఉంది. దాతో కోసం తెప్పించిన పూలగుత్తిలో లిల్లీలు అయిపోయాయి, గులాబీలు నడుస్తున్నాయి. మేం లోపల మంచులో పాకుతున్నంతసేపూ అది ఇక్కడే ఉందట. హాల్లోకి వెళ్ళిన ప్రతి మలేషియావాడూ ఏం చేస్తాడో అదే చేసింది: ఒక చుట్టు తిరిగి, చలి ఎలా ఉంటుందో చూసి, బయటికి వచ్చేసి, వెచ్చగా కూర్చుని ఏదో తింటోంది. అప్పుడే కంట్రోలు గదిలోంచి వచ్చి చూసిన ఇంజనీరు దాన్ని కదిలించడానికి భయపడి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "తరుమొద్దన్నరు గద," అన్నాడు.

ఆయన ఆ మాట అంటుండగానే తలుపు తెరుచుకుని దాతో, ఆయన భార్య, వెనక పదిమంది పరివారం వచ్చారు. చలిదొర కోటు ముందు భాగమంతా గెడ్డం నుంచి మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది. పక్కన నేనూ అలాగే. వెనక పెంగ్విన్. నా ఉద్యోగం, ఆయన ఉద్యోగం, మా మావ లారీ కిరాయి, అన్నీ ఆ క్షణాన లచ్చిమి నోట్లో గులాబీ రేకులతో పాటు నలుగుతున్నట్టనిపించింది.

దాతో భార్య "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో," అని వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చుంది. అది ఆమె చేతిసంచి వాసన చూసింది. పరివారం ఫోన్లు తీసింది. దాతో హాలు వైపు, రబ్బరు తెర సందుల్లోంచి వస్తున్న చల్లటి పొగ వైపు అనుమానంగా చూసి, "దీన్ని ఇక్కడే పెట్టడం మంచి ఆలోచన లా. లోపలికి వెళ్ళక్కర్లేదు. నాకసలు చలి పడదు, ఆయాసం," అన్నాడు. మంచు అంతస్తుకి అన్ని కోట్లు పోసిన మనిషి ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టలేదని మాకు అప్పుడే తెలిసింది. రిబ్బను తెచ్చి వేడిగాలి యంత్రానికీ జాకెట్ల అరకీ మధ్య కట్టారు. దాతో కత్తిరించాడు. తెగిన ముక్కని లచ్చిమి తినబోతే మావ రెక్కతో లాగేశాడు.

అంతా బాగుందనుకునేసరికి దాతో చలిదొర ఛాతీ మీద మంచు చూసి, "ఏమిటిది, జింకని పట్టుకోవడం కష్టమైందా? ఎలా పట్టారు?" అన్నాడు.

చలిదొర నోరు తెరిచాడు. రోజూ ఉదయం ధారగా వచ్చే కథ, సరిగ్గా అడిగినవాడు దొరికిన రోజున, గొంతులోంచి రాలేదు. నేల చూశాడు. నేను ముందుకు జరిగి, "స్కాట్లాండ్ పద్ధతిలో దాతో. ఈయనే దారి చూపించారు. గాలి చూసుకుని, పొట్ట మీద పాక్కుంటూ వెళ్ళాం, చప్పుడు చెయ్యకుండా," అన్నాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజం. ఎవరి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దాతో కనుబొమ్మలెత్తి, చలిదొర భుజం మీద తట్టి, "ఈ కాలంలో ఇవన్నీ తెలిసినవాళ్ళు ఎక్కడున్నారు," అన్నాడు. అలా మా పల్లెసీమ మరో రెండేళ్ళు బతికింది.

మధ్యాహ్నం లచ్చిమిని ఫారంలో దిగబెట్టడానికి మావతో పాటు నేనూ లారీ ఎక్కుతుంటే, చలిదొర వచ్చి, "నేనూ రానా?" అన్నాడు. లారీ ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కున్నాం. అప్పుడే వాన వెలిసి ఎండ కాస్తోంది, రోడ్డు మీంచి ఆవిరి లేస్తోంది. ఆయన కోటు తియ్యలేదు. దారి పొడుగునా మావ అద్దంలో చూస్తూ వెనక ఉన్న లచ్చిమికి రోడ్డు మలుపులు చెబుతున్నాడు.

ఫారంలో లారీ వెనక తలుపు దించగానే అది దిగి, మా వైపు తిరిగి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కంచె అవతల తడిగడ్డిలో దానిలాంటివే మందగా మేస్తున్నాయి, కొమ్ములున్నవీ లేనివీ, పిల్లలతో, ఎండలో వీపులు మెరుస్తూ. ఒక మగజింక కంచె దాకా వచ్చి చలిదొర చేతిని వాసన చూసింది. గాలి ఎటు వీస్తోందో దానికీ పట్టలేదు, ఆయనకీ పట్టలేదు. ఆయన మెల్లగా కోటు గుండీలు విప్పి, దాన్ని తీసి చేతి మీద వేసుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. "ఇంత దగ్గర్లో ఉన్నాయా," అన్నాడు.

"ఏటంటన్నాడే?" అన్నాడు మావ.

"ఏటీ నేదు మావా," అన్నాను.

ఆ తర్వాత పొద్దున్నే వరసలో నిలబెట్టినప్పుడు ఆయన టాయిలెట్ల సంగతి ఒక్కటే చెప్పేవాడు. అంతకుముందు ఆ కథకి నోరు మూసుకుని నవ్వుకున్నవాళ్ళమే, అది లేకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం. నవ్వినవాళ్ళలో అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఇరవయ్యేళ్ళప్పుడు, చూడని దాని గురించి మాట్లాడేవాళ్ళందరూ అబద్ధాలకోరులని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు నాది ఆనాటి ఆయన వయసు. పోర్ట్ క్లాంగ్‌లో ఓడల సరుకుల ఆఫీసులో చాలాకాలంగా ఉన్నాను. నా బల్ల మీంచి రోజూ కంటైనర్లు రాటర్‌డామ్ వెళ్తాయి, నేను వెళ్ళలేదు. అయినా అక్కడి రేవు గురించి, పొద్దున కమ్ముకునే పొగ గురించి, క్రేన్ల మీద కూర్చునే తెల్లపిట్టల గురించి కొత్తగా చేరినవాళ్ళకి చాలా వివరంగా చెబుతుంటాను. అవతలి ఆఫీసువాళ్ళు ఫోన్‌లో అన్న మాటలన్నీ నాకు బాగా గుర్తుంటాయి మరి. మొన్న కొత్తగా వచ్చిన ఒకమ్మాయి, మా సుంగై సుమున్ వైపు పిల్లే, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడదు, నేను చెప్పేది అంతా శ్రద్ధగా విని, "అక్కా, మీరు అక్కడికి ఎప్పుడెళ్ళారు?" అని మలయూలో అడిగింది. ఆ పిల్ల కళ్ళలోకి చూశాను. అమాయకంగా అడిగిందో, కావాలనే అడిగిందో తేల్చుకోలేకపోయాను. అక్కడ చలి ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాను.